చేయకుండా వదిలేసిన పనులు

పిల్లల ఆల్బమ్‌లు తిరగేస్తే అన్నీ మేము చేసిన పనులే కనిపిస్తాయి. స్నానం చేయించడం, ముద్ద తినిపించడం, వేలు పట్టి నడిపించడం, కొత్త బ్యాగు తగిలించి బడికి పంపడం. పెంపకమంటే ఇంతేనని చూసేవాళ్లు అనుకుంటారు. నన్నడిగితే, మా ఇద్దరు పిల్లల విషయంలో నేను బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయాల్లో సగానికి పైగా ‘ఫలానా పని చేయకూడదు’ అన్నవే. వాటికి ఫోటోలు ఉండవు. నిద్రపోతున్న బిడ్డను గడియారం చూసి లేపకపోవడాన్ని ఎవరు ఫోటో తీస్తారు? ఎడమచేతిలోని పెన్సిలు లాక్కోకపోవడం ఏ ఆల్బమ్‌లోకి ఎక్కుతుంది? పైగా చేసిన పనికి ఎవరూ సంజాయిషీ అడగరు. చేయకుండా ఊరుకుంటే మాత్రం ఇంటికొచ్చిన ప్రతివారికీ చెప్పుకోవాలి.

ఇప్పుడు అమ్మాయి ఉద్యోగం చేస్తోంది, అబ్బాయి కాలేజీలో ఉన్నాడు. సంజాయిషీ అడిగే పెద్దవాళ్లలో చాలామంది లేరు. కాబట్టి తీరిగ్గా చెప్పుకోవచ్చు.

అమ్మాయి పుట్టినప్పుడు నర్సమ్మ దాన్ని తుడిచీ తుడవకముందే తెచ్చి నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టింది. పుట్టిన గంటలోపే తల్లిపాలు మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందన్న సంగతి నాకప్పుడు తెలియదు. కళ్లు కూడా సరిగ్గా తెరవని ఆ పసిగుడ్డు తల అటూ ఇటూ ఆడిస్తూ, వాసన పట్టి వెతుక్కుంటూ వెళ్తుంటే ఆశ్చర్యపోయాను. దానికి ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవలసింది నేనే.

వచ్చింది కొన్ని చుక్కలే. చిక్కగా, పసుపుపచ్చగా ఉన్న ముర్రుపాలు. ‘పాలు పడలేదు, పాపం పిల్ల ఆకలితో అల్లాడుతోంది, పోతపాలు పట్టండి’ అని చూడటానికి వచ్చినవాళ్లందరూ తీర్పు చెప్పేశారు. నిజానికి మొదటి రోజున బిడ్డ ఒక్కో విడతకు తాగేది ఒక చెంచాడు, అంతే. ఆ చెంచాడులోనే రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు దట్టంగా ఉంటాయి. పాలు ధారగా పడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా బరువు తగ్గితే అందరికీ గుండె ఆగినంత పనైంది. డాక్టరుగారు మాత్రం తొణకలేదు. పుట్టినప్పటి బరువులో నూటికి ఏడు వంతుల దాకా తగ్గడం మామూలేనని, రెండు వారాలు తిరిగేసరికి మళ్లీ అందుకుంటుందని చెప్పారు. ఎన్ని నిమిషాలు తాగిందని ఆయన ఒక్కసారీ అడగలేదు. ‘ఎన్ని గుడ్డలు తడిపింది?’ అనేవారు. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లు తడుపుతుంటే కడుపుకు అందుతున్నట్టే లెక్క. మా ఇంట్లో తీగ మీద ఆరేసిన గుడ్డలు చూసినవాళ్లెవరూ పాల గురించి సందేహపడనక్కరలేదు.

అసలు కష్టం పాలు పడటంలో లేదు, పట్టడంలో ఉంది. రెండు మూడు రోజుల్లోనే చనుమొనలు పగిలి, బిడ్డ నోరు తెరిస్తే చాలు నాకు కాలివేళ్లు ముడుచుకుపోయేవి. అయినా పళ్ల బిగువున ఓర్చుకుంటుంటే, రాత్రి డ్యూటీకి వచ్చిన ఒక పెద్దవయసు నర్సమ్మ చూసి, ‘తల వెనక చెయ్యి పెట్టి అదమకమ్మా, అదిమితే వెనక్కి తన్నుకుంటుంది’ అంది. నా చేతిని తీసి బిడ్డ మెడ కిందా భుజాల వెనకా పెట్టించింది. ‘నువ్వు బిడ్డ మీదికి వంగకు, బిడ్డనే నీ దగ్గరికి తెచ్చుకో.’ చనుమొనతో పై పెదవిని మెల్లగా తాకించి ఆగమంది. నేను తొందరపడితే చెయ్యి పట్టి ఆపింది. బిడ్డ కాసేపు చప్పరించి, విసుక్కుని, చివరికి ఆవులించినట్టు నోరు బారుగా తెరిచింది. ‘ఇదిగో, ఇప్పుడు.’ గడ్డం రొమ్ముకు ఆనింది, ముక్కుకు గాలి ఆడుతోంది, కింది పెదవి బయటికి మడత పడింది. చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం పైన కాస్త కనిపిస్తోంది, కింద దాదాపు కనిపించడం లేదు. బుగ్గలు సొట్టపోకుండా నిండుగా ఉన్నాయి. రెండు మూడు గుటకలకోసారి గొంతులో చిన్న చప్పుడు. నొప్పి లేదు. అదమకుండా ఆగడమే అక్కడ పని అని నాకు అర్థమైంది. ఆ నర్సమ్మ పేరు అడగలేదు గానీ, ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాటతో ఇద్దరు పిల్లలనూ పెంచాననుకోండి.

మా అక్కకు ఆ వీలు చిక్కలేదు. ఆమె వాడుతున్న మందు బిడ్డకు మంచిది కాదని డాక్టరు చెబితే పోతపాలతోనే పెంచింది. సీసాలు మరిగించడం, కొలత తప్పకుండా కలపడం, మిగిలినవి పారబోయడం, అదేమీ తేలిక చాకిరీ కాదు. ఇంత చేసినా ఎదురుపడిన ప్రతి ఒక్కరూ ‘పాలివ్వడం లేదా?’ అని అడిగేవారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ డబ్బాపాల అమ్మకాలకు ఒక నియమావళి తెచ్చింది, తల్లిపాలకు బదులుగా అమ్మే వాటికి జనంలో ప్రచారం చేయకూడదని. ఆ కట్టడి కంపెనీలకు. బాలింతను నలుగురిలో నిలబెట్టి ఆరా తీయమని అందులో ఎక్కడా లేదు.

ఇంటికి వచ్చాక ఒక నోటుపుస్తకం పెట్టాను. ఏ వేళకు పట్టానో, ఏ వైపు పట్టానో, ఎంతసేపో, తేదీల వారీగా గీతలు కొట్టి రాసేదాన్ని. అది ఇప్పటికీ ఉంది. మొదటి పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలు, ఆరో వారానికి వచ్చేసరికి నిద్రమత్తులో గీసిన వంకర గీతలు. మూడు గంటలకోసారి పట్టాలన్నది అప్పట్లో ఇంట్లో నడిచే పద్ధతి. ఆ వారంలో పిల్ల గంటకోసారి ఏడ్చేది. పసిపిల్లల ఏడుపు ఆరో వారం దరిదాపుల్లో తారస్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుందని, పిల్లలు ఒక్కసారిగా ఎదిగే రోజుల్లో పాలు ఎక్కువసార్లు అడుగుతారని తర్వాత తెలిసింది. గడియారం ప్రకారం పిల్లకు ఆకలి వేయకూడదు, పిల్ల ప్రకారం వేస్తోంది. నేను పిల్ల పక్షం వహించాను. పుస్తకం అక్కడితో ఆగిపోయింది.

ఎంత తాగితే అంత ఊరుతుందన్నది మన పెద్దవాళ్లూ చెప్పేదే. దానికి కారణం కూడా ఉంది. రొమ్ము ఖాళీ అయిన కొద్దీ ఒళ్లు ఇంకా తయారు చేస్తుంది, నిండుగా ఉండిపోతే తగ్గించేస్తుంది. పాలను తయారు చేయించే ప్రోలాక్టిన్ అనే హార్మోను రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది కనుక, రాత్రి పట్టే పాలు మర్నాటి పాలకు పెట్టుబడి. ఇక ఏడుపు కోసం ఎదురు చూడటం కూడా మానేశాను. పిల్ల తల తిప్పి వెతుక్కోవడం, గుప్పిట నోట్లో పెట్టుకోవడం, పెదవులు చప్పరించడం, ఇవన్నీ అయ్యాక చిట్టచివర వచ్చేది ఏడుపు. అప్పటికి బిడ్డకు ఆకలికంటే కోపం ఎక్కువ.

పడుకోబెట్టే విషయంలో మాత్రం మా అత్తగారితో చిన్నపాటి యుద్ధమే నడిచింది. బోర్లా పడుకోబెడితే ఉలిక్కిపడకుండా నిద్రపోతుందని ఆవిడ అనుభవం. అది నిజమే. కానీ అలా గాఢంగా పడుకోవడమే పసిపిల్లలకు ప్రమాదం. 1994లో అమెరికాలో పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ఎత్తున ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో కారణం తెలియకుండా సంభవించే మరణాలు కొన్నేళ్లలోనే దాదాపు సగానికి తగ్గాయి. తలగడ వద్దు, మెత్తటి బొమ్మలు వద్దు, వెల్లకిలానే అన్నాను. ‘తల చదునైపోతుంది అమ్మాయీ’ అన్నారావిడ. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేసి ఎదురుగా కూర్చోవడం ఆవిడ వంతుగా ఒప్పందం కుదిరింది. మెడ నిలబెట్టడం మనవరాలికి తానే నేర్పానని చివరిదాకా చెప్పుకున్నారు. చెప్పుకోనిచ్చాను.

ఉద్యోగంలో చేరాక పాలు పిండి దాచడానికి నాకు దొరికిన చోటు పాత ఫైళ్ల గది. గొళ్లెం లేదు, కుర్చీని తలుపుకు అడ్డంగా పెట్టుకునేదాన్ని. 2000లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ప్రసూతి రక్షణ ఒడంబడికలో కనీసం 14 వారాల సెలవుతోపాటు, పాలిచ్చే తల్లికి పనివేళల్లో విరామం కూడా ఉండాలని రాశారు. ఆ ముక్క పై అధికారికి చూపిస్తే ‘మంచిదే’ అన్నాడు. గొళ్లెం మాత్రం పెట్టించలేదు. పిండిన పాలు మామూలు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. ఆ లెక్కలు వేసుకుంటూ బస్సులో సీసా ఒళ్లో పెట్టుకుని వెళ్లిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ భుజాలు బిగుసుకుంటాయి. ఇంట్లో ఉన్న పిల్లను తలుచుకుంటే చాలు, ఆఫీసులో పాలు చేపుకొచ్చేవి. మీటింగు మధ్యలో రవికె తడవకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. మా పై అధికారి అది నా గాంభీర్యం అనుకున్నాడట.

ఆరు నెలలు నిండాక ముద్ద మొదలుపెట్టాం. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వలు అప్పటికి అడుగంటుతాయి, పాలొక్కటే చాలవు. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదని పట్టుబట్టాను. అందులో ఉండగల, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బీజాలను పసిపిల్లల పేగు తట్టుకోలేదు. ఇక నోరు మూసుకుంటే భోజనం అయిపోయినట్టే. ‘ఇంకొక్క ముద్ద’ అన్న మాటను ఇంట్లో నిషేధించాను. మా ఆయన మాత్రం నేను లేనప్పుడు అనేవాడని పిల్లలు ఈమధ్యే చాడీ చెప్పారు.

పాలు మాన్పించడంలో ఇద్దరికీ పోలికే లేదు. అమ్మాయి ఏడాది దాటిన కొన్నాళ్లకు తనంతట తనే మొహం తిప్పేసుకుంది. నాకే కాస్త చిన్నతనంగా అనిపించింది. అబ్బాయి రెండేళ్లు దాటినా వదల్లేదు. ‘పెద్దవాడయ్యాడు, ఇంకా ఏమిటి?’ అన్నవాళ్లకు, రెండేళ్లూ ఆ పైన కూడా పట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోందని జవాబిచ్చేదాన్ని. నిజానికి వాడికి నిద్ర పట్టించే తేలిక మార్గం నాకు ఇంకొకటి తెలియదు. పెద్ద సంస్థల పేర్లు అలాంటప్పుడు భలే పనికొస్తాయి.

అబ్బాయి దోగాడలేదు. కూర్చున్నచోటు నుంచి పిర్రల మీద జరుగుతూ ఇల్లంతా ఊడ్చేవాడు. పక్కింటి పిల్ల పరుగులు పెడుతుంటే వీడు ఇంకా నేల మీదే ఉన్నాడని వాకరు కొనమన్నారు. కొనలేదు. వాకరు నడక నేర్పదు, మెట్ల దాకా వేగంగా తీసుకెళ్తుంది. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకాన్నే నిషేధించారు. అయిదు దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన లెక్కలో, ఒంటరిగా నడవడం 8 నెలలకు మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు, 18 నెలలకు దగ్గరపడ్డాక మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. అసలు దోగాడకుండానే నడిచేసినవాళ్లూ అందులో ఉన్నారు. మావాడు ఒక మధ్యాహ్నం కుర్చీ పట్టుకుని లేచి, దాన్ని వదిలేసి, తప్పటడుగులతో నేరుగా వంటగదిలోకి వచ్చి అక్కడున్న గిన్నెను దొర్లించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేల తుడుచుకున్నది నేను.

వాడిది ఎడమచేతి వాటం. చెంచా ఎడమచేతిలోకి పోవడం, ఎవరో ఒకరు నవ్వుతూ దాన్ని కుడిచేతిలోకి మార్చడం, వాడు మళ్లీ ఎడమచేతిలోకి తీసుకోవడం, ఇది రోజూ చూసే ఆటైంది. నవ్వుతూ మార్చినా అది మార్చడమే. లోకంలో పదిమందిలో ఒకరు ఇలాగే ఉంటారు, వీడు ఆ ఒక్కడు. మార్చవద్దని ఇంట్లో చెప్పాను, పండక్కి వచ్చినవాళ్లకు చెప్పాను, ఫోనులో సలహా ఇచ్చినవాళ్లకూ చెప్పాను. రాయడం మొదలయ్యాక అసలు చిక్కు తెలిసింది. ఎడమ నుంచి కుడికి రాస్తుంటే చెయ్యి రాసినదాని మీదుగానే పోతుంది. చిటికెనవేలి కింద అరచేతి అంచంతా పెన్సిలు మసి, కాగితం మీద బూడిదరంగు చార. తను రాసింది తనకే కనిపించక మణికట్టును కొక్కెంలా వంచేవాడు. పుస్తకం పైభాగాన్ని కుడివైపుకు కాస్త వాలుగా తిప్పి పెడితే, చెయ్యి గీతకు కిందుగా వస్తుంది, మణికట్టు తిన్నగా ఉంటుంది. ఆ చిన్న మార్పుతో వాడు ఒక పేజీ పూర్తిగా రాసి, చెయ్యి తిప్పి చూసుకుని, ‘మసి లేదు’ అన్నాడు.

అన్నీ వదిలేశానని అనుకునేరు. ఒకరోజు వాడు ఎడమచెయ్యి వీపు వెనక దాచుకుని బడి నుంచి వచ్చాడు. తరగతిలో ఆ చేతి మీద స్కేలుతో కొట్టారని రాత్రి దుప్పటి కింద చెప్పాడు. మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. గొంతు పెంచలేదు. బిడ్డ చేతిని మార్చే హక్కు నాకే లేదనుకుంటున్నప్పుడు మీకెలా వచ్చిందని మాత్రం అడిగాను. ఆ తర్వాత వాడి బెంచీ ఎడమ చివరికి మారింది, పక్కవాడి మోచెయ్యి తగలని చోటికి. స్కేలు మళ్లీ లేవలేదు.

అక్షరాలు తిరగేసి రాయడం చూసి కూడా కంగారుపడేవారు. ఏడేళ్ల దాకా చాలామంది పిల్లలు అలా రాస్తారు, తర్వాత సర్దుకుంటుంది. అమ్మాయి తన పేరును అద్దంలో చూసి చదువుకోవలసినట్టు రాసిన కాగితం బీరువాలో ఉంది.

బడికి పంపిన మొదటి రోజుల్లో, పిల్ల ఆటలో పడగానే చాటుగా వచ్చేయమని అందరూ చెప్పారు. నేను అలా రాలేదు. ఎదురుగా కూర్చుని, వెళ్తున్నానని, సాయంత్రం వస్తానని చెప్పి, ఏడుస్తుండగానే వచ్చాను. వినడానికి కఠినంగానే ఉంటుంది. అమ్మ ఎప్పుడు మాయమవుతుందో తెలియని పిల్ల రోజంతా గుమ్మం వైపే చూస్తూ కూర్చుంటుందని నా భయం. ఏడుపు చాలా రోజులే సాగింది. అయితే ఆ ఏడుపు గేటు దగ్గరే ఆగిపోయేదని, లోపలికి వెళ్లాక బొమ్మల పెట్టె ముందు తనే పెత్తనం చేసేదని ఆయా చెప్పింది.

హోంవర్కు నేను చేసిపెట్టలేదు. మరిచిపోయిన పుస్తకం పట్టుకుని బడికి పరిగెత్తలేదు. ఈ రెంటికీ పెద్ద సిద్ధాంతమేమీ లేదు, ఉద్యోగం చేసే మనిషికి తీరిక ఎక్కడిది?

బడి నుంచి రాగానే ప్రశ్నలు వేయకపోవడం మాత్రం కావాలని పెట్టుకున్న నియమం. ‘ఏం చెప్పారు, ఎన్ని మార్కులొచ్చాయి, ఎవరికెన్ని వచ్చాయి’ అని గుమ్మంలోనే పట్టుకుంటే, ‘ఏం లేదు’ అన్నదే జవాబు. ఊరుకుంటే బూట్లు ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా పడేవి, ఒక కాలి మేజోడు కాలికే ఉండిపోయేది. మొహం కడిగి, కడుపులో ఏదో పడి, నేను బట్టలు మడతపెడుతుంటే అప్పుడు మొదలయ్యేది అసలు కబురు. మొహంలో మొహం పెట్టి అడిగితే రాని మాట, ఇద్దరం దుప్పటి చెరో కొస పట్టుకుని మడుస్తుంటే దానంతట అదే వచ్చేది. నేను తలెత్తి చూస్తే ఆగిపోయేది. అందుకే చూపు బట్టల మీదే పెట్టేదాన్ని, మడత పెట్టినవే మళ్లీ విప్పి మడిచిన రోజులున్నాయి.

అలాంటి ఒక సాయంత్రం అమ్మాయి, తన ప్రాణస్నేహితురాలు ఇప్పుడు ఇంకొకరి పక్కన కూర్చుంటోందని చెప్పింది. ఏడవలేదు, తువ్వాలు అంచు గోటితో గీరుతూ చెప్పింది. ఆ పిల్ల తల్లి నాకు బాగా తెలుసు. ఫోను పక్కనే ఉంది. చెయ్యి దాకా వచ్చిన ఆ ఫోను తీయకుండా ఉండటానికి పడిన అవస్థ, పురిటినొప్పులకు తక్కువేమీ కాదు. ‘నువ్వేం చేద్దామనుకుంటున్నావు?’ అన్నాను. ‘తెలియదు’ అంది. సరే అన్నాను. కొన్ని వారాలు ఇంట్లో ఆ పిల్ల పేరు వినిపించలేదు. తర్వాత వేరే పేర్లు వినిపించాయి. మధ్యలో ఏం జరిగిందో నేను తవ్వలేదు, అది చెప్పలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ ఒకే ఊళ్లో ఉద్యోగాలు చేస్తూ ఒకే గదిలో ఉంటున్నారు. అడిగితే, ‘అలాంటిదేమీ జరగలేదే, నీకెవరు చెప్పారు?’ అంటోంది.

నా జ్ఞాపకాలకు సాక్ష్యం దొరకడం ఇంత కష్టంగా ఉంది. మొన్న ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు, మిమ్మల్ని నేనెప్పుడూ ఒకరితో ఒకరిని పోల్చలేదు అన్నాను కాస్త గర్వంగానే. ‘అక్క నీ వయసులో ఎక్కాలన్నీ అప్పజెప్పేది’ అని నా గొంతును అనుకరిస్తూ అబ్బాయి అందుకున్నాడు. ‘తమ్ముణ్ణి చూడు, అడగకుండానే కంచం తీశాడు’ అని అమ్మాయి పూర్తి చేసింది. నేను ఆ మాటలు అనలేదని ఇప్పటికీ అంటున్నాను. అన్నానని వాళ్లిద్దరూ ఒక్కటై చెబుతున్నారు. చిన్నప్పటి నుంచి టీవీ రిమోటు దగ్గర కూడా ఏకం కాని మనుషులు ఈ ఒక్క విషయంలో ఏకమయ్యారు. మా ఆయన తనకేమీ గుర్తు లేదంటూ పేపరు వెనక్కి వెళ్లిపోయాడు.